ఎండిన కొమ్మను కొట్టివేయకండి

మా నర్సుల క్వార్టర్సు వరండాలో, మెట్ల ప్రక్కన ఒక చింతచెట్టు ఉన్నది. ఎత్తు మూరెడు. వెడల్పాటి మట్టి పళ్ళెములో పెరుగుతున్నది. కుడివైపున ఆకులు పచ్చగా, దట్టముగా ఉంటాయి. ఎడమవైపున మాత్రము బెరడు లేని ఎండుకొమ్మ ఒకటి పైకి పొడుచుకొని, ఎముకవలె తెల్లగా కనిపిస్తుంది. మందుల చీటీ పట్టుకొని వచ్చేవారైనా, పలకరింపుకు వచ్చే సంఘ కుటుంబాలవారైనా మమ్మల్ని అడిగే మాట ఒక్కటే. "సిస్టరమ్మా, ఆ ఎండిన కొమ్మ ఎందుకు ఉంచారు? కొట్టేస్తే చెట్టు అందంగా ఉంటుంది గదా?"

డ్యూటీ మధ్యలో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాము.

2011లో పదవీ విరమణ చేసి స్వంత ఊరికి వెళ్ళిపోతూ ఒక సీనియరు సిస్టరుగారు ఆ చెట్టును మా చేతిలో పెట్టారు. పదిహేను సంవత్సరములు ఆమె దానిని కత్తిరించి, రాగి తీగ చుట్టి, మొక్కలా గాక ముదిరిన మానులా కనిపించేటట్లు పెంచారు. మరుసటి ఏడు మే నెలలో మేము తమ్ముని కుమార్తె పెండ్లికి పది రోజులు వెళ్ళాము. నీళ్ళ సంగతి ఎవరికీ అప్పగించలేదు. తప్పు మాదే. తిరిగి వచ్చేసరికి పళ్ళెములోని మట్టి బీటలు వేసి ఉన్నది. ఆకు మొత్తము రాలిపోయింది. గోటితో గీకి చూస్తే కుడివైపు బెరడు క్రింద ఇంకా పచ్చదనము ఉన్నది. ఎడమవైపు పెద్దకొమ్మ లోపల గోధుమరంగుకు తిరిగింది. తొలకరికి కుడివైపున చిగుర్లు వచ్చాయి. ఎడమవైపున రాలేదు. ఇచ్చిన సిస్టరుగారు ఫోను చేసి "చెట్టు ఎలా ఉన్నదమ్మా?" అని అడిగినప్పుడల్లా "బాగానే ఉన్నదండీ" అని మాట మార్చేవాళ్ళము.

చివరకు ఒక ఆదివారము మధ్యాహ్నము రంపము తెచ్చుకొని కూర్చున్నాము. ఆ రోజుల్లో సర్జికల్ వార్డులో ఉన్న ఒక అబ్బాయి తండ్రిగారు అటు వచ్చారు. ఆయన జపానులో కొన్నేళ్ళు ఉద్యోగము చేసి వచ్చినవారు. "ఆగండి సిస్టర్ గారూ! అక్కడ ఇటువంటి ఎండుకొమ్మ కోసమే ఏళ్ళ తరబడి కష్టపడతారు" అన్నారు. మేము నమ్మలేదు. అప్పుడు తాను తీసుకొన్న ఫొటోలు చూపించారు.

కొండచరియల మీది చెట్లు

టోక్యోకు ఉత్తరముగా సైతామా నగరములో ఓమియా అనే చోట బోన్సాయి గ్రామము ఉన్నది. 1923లో వచ్చిన పెద్ద భూకంపములో టోక్యో పాడైపోయినప్పుడు అక్కడి బోన్సాయి తోటమాలులు కొందరు విశాలమైన స్థలము వెదకుకొంటూ వచ్చి 1925లో ఆ గ్రామమును కట్టుకొన్నారు. 2010లో అక్కడ బోన్సాయి చెట్ల కొరకే ఒక మ్యూజియము కూడా తెరిచారు. మాకు చూపించిన ఫొటోలు ఆ గ్రామములోనివే.

వాటిలో ఒకటి చూచి రంపము క్రింద పెట్టేశాము. అది జూనిపర్ చెట్టు, మన పార్కులలో పెంచే తూజా మొక్కకు దూరపు చుట్టము. జపానువారు దానిని 'షింపాకు' అంటారు. చెట్టులో ముప్పాతిక వంతు తెల్లని ఎండుకర్ర. మెలికలు తిరిగిన ఆ కర్రను ఆనుకొని రెండు వేళ్ళ వెడల్పున ఎర్రని బెరడు పట్టీ ఒకటి వేరు నుండి పైకి పాకుతున్నది. పైనున్న పచ్చని కొమ్మలన్నీ ఆ ఒక్క పట్టీ మీదనే బ్రతుకుతున్నాయి.

ఈ రూపము మనుష్యులు ఊహించి పెట్టినది కాదు. షికోకు ద్వీపములో ఇషిజుచి అనే కొండ ఉన్నది, ఎత్తు 1,982 మీటర్లు. నీగాతా ప్రాంతములో ఇతోయిగావా దగ్గర నిట్టనిలువుగా సున్నపురాతి చరియలు ఉన్నాయి. అటువంటి చోట్ల రాతి పగుళ్ళలో పుట్టిన జూనిపర్ చెట్టును మంచు వంచుతుంది, పైనుండి పడిన రాళ్ళు చితకగొడతాయి, పిడుగు చీలుస్తుంది, చలిగాలి ఒకవైపు కొమ్మలను ఎండగొడుతుంది. వేరే చెట్టయితే ఆ ఎండిన భాగము రెండు మూడు వానలకు పుచ్చిపోతుంది. జూనిపర్ కర్రలో జిగురు, నూనె ఉండుటవలన అది తొందరగా పుచ్చదు. ఎండకు వెలిసి వెండిరంగు తేలి, బ్రతికిన భాగము ప్రక్కనే వందల ఏళ్ళు నిలిచి ఉంటుంది.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి భాగములో ఇటువంటి చెట్లను తెచ్చి అమ్మడము కొందరికి వృత్తి అయ్యింది. నడుముకు మోకు కట్టుకొని చరియల మీదనుండి దిగి, రాతిలోనుండి వేళ్ళు ఊడదీసి తెచ్చేవారు. ఆ పనిలో పడి చనిపోయినవారు ఉన్నారు. అలా తవ్వగా తవ్వగా కొండల మీది మంచి చెట్లు దాదాపు అయిపోయాయి. ఇప్పుడు కొమ్మలు నాటి పెంచుతారు. కొమ్మ నాటితే వచ్చిన చెట్టుకు పిడుగు దెబ్బ ఉండదు గనుక, ఆ దెబ్బను మనిషే మెల్లగా వేయాలి. మోడు పని అక్కడే మొదలవుతుంది.

ఎండిన కొమ్మను వారు 'జిన్' అంటారు. దేవునికి వాడే అక్షరముతోనే ఆ మాట వ్రాస్తారు. చెట్టు మానులో తొర్ర 'ఉరో', నిలువునా చీలిన మాను 'సబామికి'. మానుమీద బెరడు పోయి తెల్లకర్ర బయటపడిన చోటును 'షారి' అంటారు. ఈ మాట గురించి తెలిసినప్పుడు మేము చాలా ఆశ్చర్యపోయాము. అది మన 'శరీరము' అనే మాటే! బుద్ధుని అస్థికలను సంస్కృతములో శరీరములు అనేవారు. ఆ మాట బౌద్ధులతో చైనాకు, అక్కడినుండి జపానుకు వెళ్ళి 'షారి' అయ్యింది. మన భట్టిప్రోలు స్తూపములో 1892లో అలెగ్జాండర్ రీ అనే అధికారి తవ్వించగా రాతి భరిణెలు దొరికాయి. ఆ భరిణెల మీద చెక్కిన అక్షరాలలో కూడా బుద్ధుని అస్థికలకు ఈ 'శరీర' శబ్దమే ఉన్నది. తెల్లగా ఎముకవలె ఉన్నదని మా వరండాలో అందరూ అనే మాటనే వారు ఎప్పుడో పేరుగా పెట్టుకొన్నారన్నమాట.

బెరడు క్రింద ఉన్నది

ఉన్న బెరడును చేతులారా ఒలిస్తే చెట్టు చావదా అని మీరు అడుగుతారు. ఎక్కడ ఒలుస్తున్నామో తెలియకపోతే తప్పక చస్తుంది. అందుకని ఇది కొంచెము వివరముగా చెప్పుకొందాము.

పైబెరడు క్రింద ఒక మెత్తని పొర ఉంటుంది. ఆకులలో తయారైన ఆహారము దానిగుండా క్రిందికి, వేళ్ళకు దిగుతుంది. దాని లోపల జిగటగా, పలుచగా కేంబియమ్ అనే పొర ఉంటుంది. చెట్టు లావెక్కడము ఆ పొర పనే. ఇంకా లోపల లేతకర్ర వేళ్ళనుండి నీటిని పైకి లాగుతుంది. అన్నిటికంటె లోపల చేవ. చేవ నీటిని మోయదు, పెరగదు. నిండుగా ఆకులతో నిలబడిన మానులో కూడా లోపలి చేవ ప్రాణములేని కర్రే.

మానుచుట్టూ ఉంగరములా బెరడు తీస్తే వేళ్ళకు ఆహారము అందక చెట్టు చస్తుంది. నిలువు పట్టీగా తీస్తే మిగిలిన పట్టీ పని చేస్తుంది. జూనిపర్‌లో ఇంకొక విశేషము ఉన్నది. ఒక్కొక్క పెద్దవేరు ఒక్కొక్క కొమ్మకు తన దారిలోనే నీరు పంపుతుంది. కాబట్టి ఒక కొమ్మ ఎండితే దాని క్రింది దారి కూడా కొన్నాళ్ళకు ఎండుతుంది. బ్రతికిన దారి ఏడాది ఏడాదికి లావెక్కి గుండ్రముగా ఉబ్బుతుంది, ఎండిన చోటు చదునుగా లోపలికి పోతుంది. చూపుడువేలితో తడిమితే తేడా తెలుస్తుంది. నాడి చూచినట్లే.

మేము గాయాల మధ్య ముప్పై ఏళ్ళకు పైగా పని చేసినవారము. చర్మము తెగితే అడుగునుండి ఎర్రగా క్రొత్త కండ పుట్టి పూడుకొంటుందని ప్రతి రోజూ డ్రెస్సింగు విప్పినప్పుడు చూస్తాము. చెట్టుకు ఆ శక్తి లేదు. అలెక్స్ షిగో అనే అమెరికా శాస్త్రజ్ఞుడు వేలకొద్ది చెట్లను నిలువునా కోసి చూచి 1970లలో ఈ సంగతి వివరించాడు. గాయపడిన కర్రను చెట్టు బాగుచేసుకోదు. దాని చుట్టూ లోపలే గోడలు కట్టి వేరుచేస్తుంది, ఆ గోడకు బయట క్రొత్తకర్ర పెంచుకొంటుంది. పైన మూసుకొన్నట్లు కనబడినా పాత గాయము లోపల అలాగే ఉంటుంది. ఇది చదివినప్పుడు, మోడు పని చేసేవారు చెట్టుకు అలవాటు లేని పనేమీ చేయడము లేదని మాకు అర్థమైనది.

పని జరిగే తీరు

ముందుగా తీసివేయదలచిన కొమ్మను ఎన్నుకొంటారు. దానిని మొదలంటా కోయరు, కావలసిన దానికంటె పొడవుగానే మొద్దు వదులుతారు. కొమ్మ మొదట్లో చాకుతో గుండ్రముగా గాటు పెట్టి, బెరడును పటకారుతో నలిపి ఒలుస్తారు. చెట్టులో నీరు బాగా పారే కాలములో బెరడు అరటితొక్కవలె వస్తుంది. ఇప్పుడు చివరను చీల్చి, కర్ర నారను పటకారుతో పట్టి క్రిందికి లాగుతారు. కోయకూడదు, లాగాలి. రంపముతో కోసిన చోటు చదునుగా, బల్లలా ఉంటుంది. గాలి విరిచిన కొమ్మ అలా ఉండదు. నార తన దారిలో తాను చీలితే ప్రతి గీతా సహజముగా వస్తుంది.

షారి పని దీనికంటె ప్రమాదము. మొదటి ఏడు సుద్దముక్కతో మానుమీద గీత గీచి, సన్నని పట్టీ మాత్రమే ఒలుస్తారు. ఆపుతారు. సంవత్సరమో రెండు సంవత్సరములో చెట్టు ఏమంటుందో చూస్తారు. చిగురు బాగుంటే ఇంకొంచెము వెడల్పు చేస్తారు. ఇలా పది పదిహేను సంవత్సరములు పడుతుంది. ఒక్కసారి చేస్తే కుదరదా అంటే, చేయవచ్చు. చేసినవారి చెట్లు చాలామట్టుకు మిగలలేదు.

ఈ పనిలో మసాహికో కిమురా అనే ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. 1940లో ఓమియాలో పుట్టాడు. పదిహేనవ ఏట మోతోసుకే హమానో అనే గురువు దగ్గర చేరి పదకొండు సంవత్సరములు శిష్యరికము చేశాడు. అంతవరకు చాకులు, ఉలులతో నెలల తరబడి చేసే పనిని ఆయన కరెంటు యంత్రాలతో చేసి చూపించాడు. పనికిరాదని ప్రక్కన పడవేసిన చెట్లను కూడా ఎవరూ ఊహించని రూపానికి తెచ్చాడు. మెచ్చుకొన్నవారు ఎంతమందో, ఇది చెట్టా బొమ్మా అని నొచ్చుకొన్నవారు కూడా ఉన్నారు. ఫొటోలు చూచిన మట్టుకు మా అభిప్రాయము చెప్పాలంటే, ఆయన చెట్లను చూచి కన్ను త్రిప్పుకోలేము, కాని ఇంట్లో పెట్టుకోమంటే ఇతోయిగావా చరియ మీది పాత చెట్టునే తీసుకొంటాము.

ఇంకొక చమత్కారము. చచ్చిన పాత మానుకు గాడి తొలిచి, అందులో లేత మొక్కను దూర్చి కట్టి, రెండూ ఒకే చెట్టని చూపించేవారు ఉన్నారు. దానికి 'తనుకి' అని పేరు. తనుకి అంటే జపాను జానపద కథలలో వేషాలు మార్చి మనుష్యులను మోసగించే కుక్కవంటి జంతువు. మన నక్క పాత్ర అనుకోండి.

తెల్లని రంగు కొరకు, పుచ్చకుండుట కొరకు ఎండుకర్రకు సున్నము, గంధకము కలిపి కాచిన ద్రవము పూస్తారు. మన ద్రాక్షతోటలలో బూడిద తెగులుకు చల్లేది ఇదే. పూసినప్పుడు పసుపుగా ఉంటుంది, ఎండకు ఆరిన కొద్దీ తెల్లబడుతుంది. మరీ సున్నము కొట్టిన గోడలా ఉంటే రెండు చుక్కల నల్లసిరా కలుపుతారు. మట్టిలో పడకుండా పళ్ళెముపై గుడ్డ కప్పాలి.

ఇక్కడ నర్సుగా ఒక మాట చెప్పక తప్పదు. ఆ ద్రవము కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది, చర్మమును, కళ్ళను కాలుస్తుంది. గదిలో తలుపులు మూసుకొని పూయవద్దు. చేతులకు గ్లవ్సు, కళ్ళకు అద్దాలు ఉండాలి. బాత్రూములు కడిగే యాసిడ్ గాని, మరే యాసిడ్ గాని దానితో కలిస్తే ప్రాణము తీసే విషవాయువు వస్తుంది. కంటిలో పడితే కనీసము పదిహేను నిమిషములు పారే నీటితో కడిగి, కడిగిన తరువాతనే ఆస్పత్రికి పరుగెత్తండి. మట్టిలో వాడిన చాకు తెగితే టెటనస్ ఇంజెక్షను ఎప్పుడు తీసుకొన్నారో గుర్తు చేసుకోండి. పిల్లలకు అందేచోట సీసా పెట్టకండి. కూల్‌డ్రింకు సీసాలో అసలే పోయకండి.

మా చెట్టు సంగతి

2012 వానాకాలములో ఎండుకొమ్మ బెరడు ఒలిచాము. చచ్చిన బెరడు గనుక సులువుగా రాలేదు, తడిపి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, మూడు వారాలు పట్టింది. చివరను చీల్చి నార లాగాము. బాగా కుదిరింది. కుదిరిందని అందరూ అనేసరికి మాకు ఆశ పుట్టింది. మరుసటి సంవత్సరము మానుమీద షారి మొదలుపెట్టాము. సుద్దగీత సన్నగానే గీచాము గాని చేయి ఆగలేదు. ఒక్క సాయంత్రములో గీత దాటి రెండు వేళ్ళు ఒలిచివేశాము. నెలన్నరకు కుడివైపు క్రింది కొమ్మ వాడిపోయింది. నీళ్ళు లేక ఎండినది ఒక కొమ్మ, మా తొందరవలన ఎండినది ఒక కొమ్మ. చెట్టు అప్పటికి సగమైనది.

ఆ తరువాత మూడేళ్ళు చాకు ముట్టలేదు. నీళ్ళు, ఎరువు, ఎండ, అంతే.

2016లో ఇంకొక సంగతి బయటపడింది. ఎండుకొమ్మ క్రింద, మట్టికి తగిలే చోట, కర్ర మెత్తబడి గోటికి దిగుతున్నది. చింత చేవ ఎంత గట్టిదో రోకళ్ళు, మాంసము కొట్టే మొద్దులు చూచినవారికి తెలుసు. అయితే చేవ పెద్దమాను నడుమ ఉంటుంది. పళ్ళెములోని చిన్నచెట్టులో ఉన్నది ఎక్కువభాగము తెల్లకర్రే, వానకు పుచ్చేది. పుచ్చినదంతా గీకివేసి, ఎండబెట్టి, ఆ ప్రక్క మట్టిని రెండు అంగుళములు క్రిందికి దించాము. అప్పటినుండి నిలిచింది. మీలో ఎవరైనా ఇంట్లో ప్రయత్నించేటట్లయితే ఇది గుర్తుంచుకోండి. షింపాకు మన కోస్తా ఎండలకు తట్టుకోవడము కష్టము. కాగితపు పూలచెట్టు, రావి, మర్రి పెంచడము సులువే గాని వాటి ఎండుకర్ర తొందరగా పుచ్చుతుంది.

2019లో ఆ సిస్టరుగారు కంటి ఆపరేషను నిమిత్తము ఇక్కడికి వచ్చారు. డిశ్చార్జి రోజున వరండాకు తీసుకొని వెళ్ళక తప్పలేదు. ఆమె కుర్చీ లాగుకొని చెట్టు ముందు చాలాసేపు కూర్చున్నారు. తెల్లకొమ్మను బొటనవ్రేలితో రుద్ది, "ఇది ఏ ఏడు పోయిందమ్మా?" అని అడిగారు. ఏడేళ్ళుగా ఫోనులో చెప్పని సంగతంతా, పెండ్లి, పది రోజులు, బీటలు వేసిన మట్టి, షారి దగ్గర మా తొందర, అన్నీ చెప్పివేశాము. ఆమె ఏమీ అనలేదు. పళ్ళెమును మెల్లగా వెనుకకు త్రిప్పి, మాను వెనుక ఉన్న ఒక బొడిపె మీద మా వేలు పెట్టించారు. "ఇది నేను చంపిన కొమ్మ. నువ్వు రాకముందు. కోసేసి, మూసుకుపోయేదాకా ఎవ్వరికీ చూపించలేదు" అన్నారు. ఎనిమిదేళ్ళుగా ఆ చెట్టుకు నీళ్ళు పోస్తున్నాము. అది పుట్టుకతో ఉన్న కణుపు అనే అనుకొన్నాము.

షారి ఇప్పుడు అంగుళము వెడల్పు ఉన్నది, అంచుల వెంట బెరడు చక్కగా ఉబ్బి చుట్టుకొంటున్నది. ఈ తొలకరి తరువాత పై భాగములో ఇంకొక పావు అంగుళము ఒలవాలని అనుకొంటున్నాము. సుద్దగీత గీచి ఉంచాము. చూడవచ్చిన పిల్లలు దయచేసి దానిని తుడిచివేయవద్దు.